ఎండకు టాపు

మొన్న మా మనుమరాలు సెలవులకు వచ్చి, చాయ్ తానే పెడతానని వంటింట్లో దూరింది. యాలకులు నలగ్గొట్టడానికి ఏమైనా ఉందా నానమ్మా అని లోపలి నుంచి కేక వేస్తే, పోపు డబ్బా వెనక ఇనుప గొడుగు లాంటిది ఉంటుంది చూడు అన్నాను. పిల్ల చాయ్ సంగతి మరిచిపోయి దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. సన్నటి కాడ, ఆ చివర చిన్న పళ్లెంలా పరుచుకున్న తల, తలకు ఒకవైపు ఎంత తోమినా పోని నలుపు. "ఇది ఇంజన్ వాల్వు నానమ్మా, దీనితో యాలకులు దంచుతున్నావా!" అని పడీ పడీ నవ్వింది. దంచుతున్నాను. మిరియాలు దంచాను, శొంఠి దంచాను, అవసరం పడితే గోడకు మేకులు కూడా కొట్టాను. నా చేతికి రాకముందు అది మా అవ్వ సందుక పెట్టెలో, పట్టుచీరల మడతల మధ్య ఉండేది. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఆడమనిషి చీరల నడుమ మోటారు సామాను ఎందుకు దాచుకుంటుంది అని మనుమరాలు అడిగింది. చాయ్ చల్లారేదాకా చెప్పినా సగమే అయింది. మిగతా సగం కూర్చుని రాయాలనిపించింది.

మాది కరీంనగర్ నుంచి వస్తుంటే గోదారి దాటాక, నిర్మల్‌కు కొంచెం ఇవతల ఉన్న ఊరు. మా తాత ఊరికి పటేల్, ఆయన తర్వాత బాపు పటేల్. ఘోషా మా కులాచారమేమీ కాదు. పక్క ఊరి దేశ్‌ముఖుల గడీలో ఆడవాళ్లు బయటికి రారని చూసి వచ్చి, మన ఇంట్లోనూ రావద్దన్నాడు మా తాత. గడీకి ఉన్న పెద్ద దర్వాజా, గుర్రాలు, బంట్రోతులు మాకెట్లాగూ రావు. వాళ్ల గొప్పల్లో ఖర్చు లేకుండా దొరికేది ఇదొక్కటే కాబట్టి దాన్ని తెచ్చుకున్నాడని నా అనుమానం. వసారాకు ఈ కొస నుంచి ఆ కొసకు వెదురు పుల్లల తెర వేలాడేది. తురకం తెలిసినవాళ్లు దాన్ని చిక్ అనేవాళ్లు, మా నోట్లో అది చిక్కు అయింది, పేరు సరిగ్గా కుదిరింది. నేను పెద్దమనిషినైన రోజు నుంచి నన్నూ ఆ చిక్కు వెనక కూర్చోబెట్టారు. అంతకు ముందు రోజు వరకూ వాగులో చేపలు పట్టిన దాన్ని. ఎంత ఏడ్చానో ఇప్పటికీ గుర్తుంది. అవ్వ ఓదార్చలేదు. చేట తెచ్చి నా ఒళ్లో పెట్టి, తనూ ఒక చేట తీసుకుని పక్కన కూర్చుంది.

ఆ ఇంట్లో పొద్దు గడిచే తీరు ఒక్కటే. పిడకల పొగ, పొయ్యి మీద జొన్నరొట్టె మాడిన వాసన, మధ్యాహ్నం కందులు వేగే వాసన, సాయంత్రం పశువులు వచ్చే దుమ్ము. ఊళ్లో కలుపుకు పోయే ఆడవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వుకుంటూ మా గోడ పక్క నుంచే పోయేవాళ్లు. వాళ్లకు మేము దొరసానులం, మాకు వాళ్ల మీద కుళ్లు. చిక్కు నేలకు ఆనేది కాదు, జానెడు సందు ఉండేది. అందుకని అవ్వకు ఊరివాళ్లు మొహాలతో తెలియదు, కాళ్లతో తెలుసు. మడిమ పగుళ్లు చూసి ఫలానా ఆమె అనేది, నడక చూసి ఇవాళ ఆమెకు పానం బాగాలేదనేది. తన కాళ్లు మాత్రం బియ్యపు పిండిలా తెల్లగా, మెత్తగా ఉండేవి. వాటికి పని ఉంటే కదా.

ఇంత మూసిన ఇంటికి బాపు తెచ్చిన బండికి పైన కప్పే లేదు. హైదరాబాదులో ఒక జాగీర్దారు కొడుకు దేశం విడిచి పోతూ అమ్ముకున్న ఇంగ్లండు బండి అది. బచ్చలిపండు రంగు, నేలకు ఆనినట్టుండే పొట్టి ఒళ్లు, రెండే సీట్లు. పూర్వం దానికి గుడ్డ టాపు ఉండేదట, అది చిరిగి ఎప్పుడో పోయింది. మా వైపు జీపుకైనా రిక్షాకైనా ఎడ్లు లాగే కచ్చురానికైనా పైన ఉండే కప్పును టాపు అంటారు. టాపు లేని బండిలో ఘోషా ఆడవాళ్లు ఎక్కే మాట లేదు. కాబట్టి అది బాపు ఒక్కడి బండి. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి దాన్ని తుడిచేవాడు, దానితో మాట్లాడేవాడు. అవ్వతో అన్ని మాటలు ఆయన మాట్లాడగా నేను వినలేదు.

అవ్వ పుట్టిల్లు ఆదిలాబాద్. మా మేనమామకు, అంటే అవ్వ తమ్ముడికి, అక్కడ పత్తి జిన్నింగు మిల్లు, ఆ ఆవరణలోనే ఇల్లు. మధ్యలో నిర్మల్ దాటాక ఘాట్ ఎక్కాలి, టేకు అడవి, ఒకదాని మీద ఒకటి మలుపులు. బాపు కొత్త బండి చూపించాలని ఒక్కడే మామ దగ్గరికి బయల్దేరిన రోజు అది ఘాట్ నడుమ పొగలు కక్కి ఆగిపోయింది. పత్తి బండి తోలుకుపోతున్న ఒక ఆసామి జాలిపడి తన ఎడ్లను విప్పి దానికి కట్టాడు. అట్లా ఎడ్ల వెనక మామ మిల్లు ఆవరణలోకి దిగింది మా బాపు ఊరేగింపు. మామ ఎదురొచ్చి, కూలీలందరి ముందు, "బావా, మోటర్ కొన్నవా, గుంటక కొన్నవా?" అని పగలబడి నవ్వాడు. గుంటక అంటే ఎడ్లు లాగే సేద్యపు పనిముట్టు. మామది చెడ్డ మనసు కాదు, నోరే కొంచెం పెద్దది. బాపు మంచినీళ్లు కూడా ముట్టలేదు. "గీ బండిని టాప్ గేర్ల ఘాట్ ఎక్కిస్తెనే మళ్ల నీ గడప తొక్కుత. నేనే గాదు, నా ఇంటోళ్లెవ్వరు తొక్కరు. ఒట్టు!" అని వెనక్కి తిరిగాడు. టాప్ గేరంటే బండికి అన్నిటికన్నా పై గేరు, మెట్ట ఎక్కేటప్పుడు ఎవరూ వాడనిది. ఈ ముచ్చట మాకు ఆ ఎడ్లబండి ఆసామి చెప్తేనే తెలిసింది.

ఒట్టు పెట్టుకున్నది ఆయన, కట్టుబడింది అవ్వ. బతుకమ్మ పండుగకు పుట్టింటికి పోవడం ఆగింది. ఒడిబియ్యం ఆగింది. మా వైపు పెండ్లయిన బిడ్డను పిలిచి, పసుపు కలిపిన బియ్యం తల్లి చేతులతో ఒళ్లో పోయడం ఉంటుంది. అది పోయించుకోని బిడ్డకు పుట్టింటి ఆసరా తెగినట్టే లెక్క. మామ తనంతట తాను వచ్చి బతిమాలితే బాపు మెత్తబడేవాడేమో. కానీ ఆయనా ఆ జాతి మగవాడే, పిలిస్తే వస్తానని కూర్చున్నాడు. అవ్వ ఎవరినీ ఏమీ అనలేదు. సాయంత్రం బండి శబ్దం వినపడితే మాత్రం చేట ఆపి చెవి పెట్టేది. ఒకసారి, "దానికి దమ్ము చాలుతలేదు బిడ్డా" అంది. దమ్ము చాలకపోతే నష్టపోయేది తనేనని ఆమెకు తెలుసు.

అట్లాంటి రోజుల్లో కరీంనగర్ నుంచి గఫూర్ ఉస్తాదు దిగాడు. ఒకప్పుడు హైదరాబాదు నవాబుల రేసు బండ్లు బాగు చేశానని చెప్పుకునేవాడు, అందులో ఎంత నిజమో ఆ దేవుడికే తెలియాలి. గొంతు మాత్రం నవాబుదే. పశువుల కొట్టం పక్కన గోనెసంచులు పరిచి బండి ముందు కూర్చుని బాపుతో అన్నాడు: "పటేల్ సాబ్, కింది ఇంజన్ షేర్ లెక్క ఉన్నది. పరేషాన్ అంత మీదనే. టాపెండ్ పని జేస్తె సాలు, గుర్రమైతది." టాపెండ్ అంటే ఇంజన్ పైభాగం, వాళ్ల భాషలో హెడ్డు, అందులోని వాల్వులు, గాలి పోయే దారులు. ఇది ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు చిక్కు వెనక ఉన్న మాకు వినపడింది వేరు.

"ఏమంటుండే?" అంది అవ్వ.

"టాపు ఎండ అంటుండవ్వా."

అవ్వ మొహంలో నేను ఎన్నడూ చూడని వెలుగు. "ఎండకు టాపు. టాపు ఏయిస్తున్నరు బిడ్డా." ఆమెకది చిన్న మాట కాదు. టాపు పడితే పరదా కట్టొచ్చు. పరదా ఉంటే ఆ బండిలో తనూ కూర్చోవచ్చు.

ఉస్తాదు పని మేము చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. హెడ్డు విప్పిన రోజు కిరసనాయిలు కంపు అన్నంలోకి కూడా వచ్చింది. పాత వాల్వులు తీసి, లారీవి పెద్ద వాల్వులు తెచ్చి, వాటిని అరగదీయించి పెట్టాడు. వాల్వుకు గరుకు ముద్ద పూసి, కర్ర ఆనించి, కర్రను రెండు అరచేతుల మధ్య తిప్పుతూ కూర్చునేవాడు. గర్ర్, గర్ర్ అని పొద్దంతా అదే చప్పుడు. ఎవరో మజ్జిగ చిలుకుతున్నట్టే ఉందని అవ్వ నవ్వింది. గాలి పోయే దారులను ఆకురాయితో రాకి పెద్దవి చేశాడు. ఉన్న ఒక్క కార్బురేటరు పక్కన రెండోది చేర్చాడు. పని చేస్తూ నోరు మూసేవాడు కాదు. హెడ్డు అడుగును చెక్కి పలచన చేస్తే ఏం లాభమని బాపు అడిగితే, "మంట విశాలంగ ఉంటె ఏం జోర్ ఉంటది సాబ్? ఇరుకుల వెట్టాలె. ఎంత ఇరుకుల వెడితె అంత జోర్‌తోని నూకుతది" అన్నాడు. అవ్వ చేతిలో చేట ఆగింది. "గట్లనా?" అని తనలో తానే అనుకుంది.

ఆ హెడ్డు చెక్కే మిషను చుట్టుపక్కల ఎక్కడా లేదు, మామ మిల్లులో తప్ప. ఆ మాట బాపుతో అంటే పని అక్కడే ఆగుతుంది. ఉస్తాదు హెడ్డును గోనెలో చుట్టుకుని, కరీంనగర్ పోతున్నానని చెప్పి, బస్సెక్కి ఆదిలాబాద్ పోయాడు. తిరిగి వచ్చిన పూట బాపు ఊళ్లో పంచాయితీకి పోయి ఉన్నాడు. పరాయి మగవాడు మాతో నేరుగా మాట్లాడకూడదు. అందుకని ఆయన మాకు వీపు పెట్టి, ఇంజన్ ముందు కూర్చుని, దానితో మాట్లాడాడు.

"ఇనవే బేటీ ఇంజన్. నీ తల చెక్కిచ్చుకొచ్చిన. మిల్లాయన మంచోడు. ఎవల బండిదని సుత అడగలే, ఎర్కనే ఆయనకు. మిషిని కాడ నిలవడి, ఇంక జర తియ్యి, మా బావ ఎట్లన్న ఎక్కాలె అన్నడు. నేను సాలు అంటె ఇనలే, జర ఎక్కువనే తీపిచ్చిండు." ఇక్కడ గొంతు తగ్గించాడు. "ఆయన తల్లికి పానం మంచిగ లేదు బేటీ. సూపు ఆనుతలేదు. ఒడిబియ్యం మూట గట్టి మంచం కాడ వెట్టుకున్నది. బండి ఎక్కిందా, బండి ఎక్కిందా అని రోజు అడుగుతదంట."

చేటలో బియ్యం నేల మీద పడ్డాయి. అవ్వ వాటిని ఒక్కొక్క గింజా ఏరుతూ కూర్చుంది. ఏడుస్తోందని నాకు తెలుసు, అయినా చప్పుడు లేదు. అంతకన్నా కష్టం ఏమిటంటే, ఈ కబురు బాపుకు చెప్పడానికి లేదు. చెప్తే హెడ్డు ఎక్కడ చెక్కించారో బయటపడుతుంది, ఆయన దాన్ని పీకి అవతల పారేస్తాడు. తల్లి చివరి రోజుల్లో ఉందని తెలిసి కూడా తెలియనట్టు రొట్టెలు చెయ్యాలి. ఆ సాయంత్రం బాపుకు వడ్డిస్తూ అవ్వ మెల్లిగా అడిగింది.

"టాపు పని యాడిదాక వచ్చింది?"

బాపు చేతిలో ముద్ద ఆగిపోయింది. అవ్వ బండి గురించి అడగడం అదే మొదలు. "అయినట్టే. గట్టి సామాను. లారీది ఏసిండు."

"గాలి మంచిగ ఆడుతదా?"

"గాలి ఆడాలనే గద ఇదంత! తొవ్వలన్ని పెద్దగ జేసిండు."

"మంచిదే. ఉడుకవోయదు." అవ్వ ఇంకో రొట్టె వేసింది. "అది అయినంక ఆదిలాబాద్ పోదుమా?"

"టాప్‌ల ఎక్కినంక పోకపోవుడేంది? నిన్ను పక్కన గూసోవెట్టుకొని పోత!" అన్నాడు బాపు, ఆ పూట ఆయన గుండె పొంగి ఉంది. అవ్వ తల ఊపింది. ఇద్దరూ ఒకే మాట మాట్లాడుకున్నామనుకుని సంతోషంగా లేచారు.

మర్నాటి నుంచి అవ్వ పరదా కుట్టడం మొదలుపెట్టింది. సాలెవాళ్ల దగ్గర నీలం ముతక గుడ్డ తెప్పించింది. మా పనిమనిషి పోశవ్వ బండి చుట్టూ జానలతో కొలిచి వచ్చి చెప్పేది. ఉక్కపోతలో, చిక్కు సందుల నుంచి పడే వెలుగులో, ఆమె గుడ్డకు మడత మీద మడత వేసి కుట్టింది. అంచులకు తన పాత పైఠణీ చీర నుంచి పట్టీ కత్తిరించి వేసింది. చివర కంటి ఎత్తులో రెండు చిల్లులు కోసి, వాటి చుట్టూ బొత్తం కాజాకు వేసినట్టు దారం తిప్పింది. ఒకటి తనకు, ఒకటి నాకు. నన్ను కూడా తీసుకుపోతుందని నాకు అప్పుడు తెలిసింది.

పని పూర్తయిన రోజు పొద్దున ఇంజన్ మోగితే పావురాలన్నీ లేచాయి. నిజంగానే గొంతు మారింది. అవ్వ సందుక సర్దుకుని, పరదా చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని దర్వాజా దాకా వచ్చింది. ఉస్తాదు చప్పున వెనక్కి తిరిగి నిలబడ్డాడు. బండి ఎప్పటిలాగే బోడిగా ఉంది.

"టాపేది?" అంది అవ్వ.

"గిదే గదనే టాపు!" బాపు మూత ఎత్తి, మెరుస్తున్న హెడ్డు చూపించాడు. ఆమెకు అర్థం కాలేదనుకుని, నేల మీద పడి ఉన్న పాత వాల్వు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గీ పాతయి తీసి పెద్దయి ఏసిండు. గిదే టాపెండ్." అప్పుడు ఆయన కళ్లు పరదా మీద పడ్డాయి, ఆ పైఠణీ అంచు మీద, ఆ రెండు చిల్లుల మీద. "గిదేంది?" అన్నాడు. ఉస్తాదు వీపు కూడా సిగ్గుపడినట్టు వంగింది.

అవ్వ వెనక్కి పోతుందనుకున్నాను. ఆమె పోలేదు. "పక్కన గూసోవెట్టుకొని పోత అన్నరు. మాట ఇచ్చిండ్రు. కొంగు కప్పుకుంట" అంది. వాకిట్లో నలుగురు జనం పోగయ్యారు, ఇచ్చిన మాట కాదంటే వాళ్ల ముందు పరువు పోతుంది, ఎక్కించుకుంటే ఇంకో పరువు పోతుంది. బాపు ఇటూ అటూ చూసి, "టాప్‌ల ఎక్కితెనే అటు పోవుడు. ఎక్కకుంటె మర్లివచ్చుడే. ఒట్టు ఒట్టే" అన్నాడు. అవ్వ సరేనంది. సీట్ల వెనక సామాను పెట్టే ఇరుకులో నన్ను ముడిచి కూర్చోబెట్టి, పరదా నా మీద కప్పింది. ఉస్తాదు ఆకాశానికి చెప్తున్నట్టు, "చప్పుడు జేస్తె గేరు దించుండ్రి సాబ్. మొండిగ జిద్దు జేస్తె ఇంజన్ బతుకది" అన్నాడు.

నిర్మల్ బజారు గుండా పోతుంటే అవ్వ కొంగు అంచును పంటితో పట్టుకుని ఉంది. నేను చిల్లులోంచి చూస్తున్నాను, బొమ్మల దుకాణాలు, సైకిళ్లు, నోరు తెరిచిన మనుషులు, అన్నీ రూపాయి బిళ్లంత గుండ్రంలో. ఘాట్ మొదలయ్యే చోట బాపు గేరు పైకి వేసి, దాని మీద నుంచి చెయ్యి తీసి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. మొదటి మలుపు ఎక్కింది. రెండోది కూడా ఎక్కింది. బాపు గట్టిగా నవ్వాడు, అవ్వ చేతులు జోడించింది. ఆ తర్వాత ఇంజన్ లోపల గోళీలు గిలకరించినట్టు చప్పుడు మొదలైంది. మామ ప్రేమతో ఎక్కువ చెక్కించిన హెడ్డు, మా ఊళ్లో దొరికే నాసి పెట్రోలు, మనుషులు ముగ్గురు, ఒక సందుక. ఇప్పుడైతే కారణం చెప్పగలను. అప్పుడు భయమే. బండి నెమ్మదించింది, ఒళ్లంతా వణికింది. బాపు చెయ్యి గేరు దాకా పోయి వెనక్కి వచ్చింది. దించితే ఒట్టు పోతుంది, దించకపోతే బండి పోతుంది. "ఎక్కు, ఎక్కవే" అని బతిమాలాడు. ఒక మలుపులో అది దగ్గి ఆగిపోయింది.

అడవి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. "మర్లుదాం" అన్నాడు బాపు. "ఉస్తాదుతోని ఇంకోసారి చేపిస్త. వచ్చే నెల వద్దాం."

"మా అవ్వకు వచ్చే నెల లేదు" అంది అవ్వ.

"నీకెట్ల ఎర్క?" అని బాపు అడిగాడు. ఆమె తలుపు తీసుకుని దిగింది. నన్ను బయటికి లాగింది. "నా ఇంటోళ్లెవ్వరు తొక్కరు అని ఒట్టు వెట్టిండ్రు. అప్పుడు నన్నడిగిండ్రా?" అంది. అరవలేదు, ఏడవలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "ఒట్టు మీది, మీ బండిది. నా కాళ్లకేం లేదు" అని నడక మొదలుపెట్టింది.

మా అవ్వ నడవడం నేను అంతకు ముందు చూడలేదు. ఇంట్లో నాలుగు అడుగులు ఇటు, నాలుగు అడుగులు అటు తిరగడం చూశాను. ఇది వేరు. ఆమె వేగానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది. చెప్పులు లేవు, ఇద్దరికీ. రోడ్డు కాలుతోంది, ఎండిన టేకు ఆకులు కాళ్ల కింద విరుగుతున్నాయి, కోతులు చెట్ల మీద నుంచి మమ్మల్ని చూసి గోల చేశాయి. రెండు మలుపులు దాటాక ఆమె తల మీది కొంగు జారింది. నేను చూపించాను. "ఉండనియ్యి" అంది. ఎదురొచ్చిన లారీ డ్రైవరు ఒకాయన వంగి చూసి పోయాడు, ఆమె అతని మొహాన్ని తిరిగి చూసింది. కాళ్లు కాదు, మొహం. కుడి చేతి పిడికిలి మూసే ఉంది. అందులో ఆ పాత వాల్వు ఉందని ఆమె కూడా మరిచిపోయింది.

చాలాసేపటికి కింద నుంచి మూలుగుతూ బండి శబ్దం వచ్చింది. అన్నిటికన్నా కింది గేరు. దున్నపోతు మెట్ట ఎక్కుతున్నట్టు ఎక్కి మా పక్కకు వచ్చింది. బాపు మొహం చెమటతో, మసితో నల్లగా ఉంది. "ఎక్కుండ్రి" అన్నాడు, అవ్వను అంత మెత్తగా పిలవడం నేను ఎప్పుడూ వినలేదు. "ఘాట్ అయినంక ఎక్కుత" అంది అవ్వ. మిగతా ఘాట్ అంతా ఆమె ముందు, ఆయన వెనక.

ఇప్పుడు ఆ దారి పక్కన పెద్ద రోడ్డు పడింది. మా అబ్బాయి కారులో ఆదిలాబాద్ వైపు పోతే, అద్దాలు ఎత్తి, చల్లగాలి వేసుకుని, ఫోనులో ఒక ముచ్చట ముగిసేలోగా గుట్టలు వెనకపడతాయి. మనుమరాలు తనే నడుపుతుంది, ఒక చేత్తో. నాకు సంతోషమే. కానీ ఆ రోజు తర్వాత మేము మారిపోయామని రాస్తే అబద్ధం అవుతుంది. తిరిగి వచ్చాక అవ్వ మళ్లీ చిక్కు వెనకే కూర్చుంది, నేనూ కూర్చున్నాను, నా పెండ్లి దాకా. బాపు ఆ బండిని కొంత కాలానికి అమ్మేశాడు. పరదాను చింపి అవ్వ దిండు గలేబులు కుట్టింది, వాటికి కూడా ఆ చిల్లులు ఉండేవి. ఎన్నో ఊళ్లు తిరిగాను, ఉద్యోగం చేశాను, అయినా ఇప్పటికీ గేటు ముందు తెలియని బండి ఆగితే నా కాలు దానంతట అదే ఒక అడుగు తలుపు వెనక్కి పోతుంది. కోపం వస్తుంది నాకు, నా కాలి మీద. మనుమరాలికి ఆ అడుగు లేదు.

ఆ రోజు మేము పోయేసరికి మామ మిల్లు గేటు దగ్గరే ఉన్నాడు. మీసాల మీద పత్తి దూది. బండి శబ్దం వినగానే కూలీలు కూడా బయటికి వచ్చారు. "బావా! ఏమాయె? టాప్‌ల ఎక్కిందా?" అని అరిచాడు మామ. ఎక్కిందని వినాలనే ఆయన ఆశ, అది మొహంలోనే ఉంది. బాపు స్టీరింగు వదల్లేదు, తల ఎత్తలేదు. అవ్వ దిగి ఆయనకు అడ్డంగా నిలబడింది.

"నన్నడుగు తమ్మీ. టాపు లేకుంటనే ఎక్కిన."

మామకు ఏమీ బోధపడలేదు. అత్త ఆనవాయితీ ప్రకారం చెంబుతో నీళ్లు తెచ్చి, గడప ముందు అవ్వ కాళ్ల మీద పోసింది. ఘాట్ ఎర్రమట్టి కారింది, దాని వెంట నెత్తురు. బియ్యపు పిండి లాంటి ఆ కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. మామ ఆ కాళ్లను చూశాడు, బండిని చూశాడు, బావను చూశాడు. దగ్గరికి పోయి బాపు భుజం పట్టుకుని, "దిగు బావా, లోపటికి రా" అన్నాడు.

లోపలి అర్రలోంచి అమ్మమ్మ గొంతు వినపడింది, సన్నగా, రోజూ అడిగే మాటే.

"ఎక్కిందారా?"

"ఎక్కిందవ్వా" అన్నాడు మామ, ఇంకా ఆ కాళ్లనే చూస్తూ. "ఎక్కింది."